గోలీ సీసాల్లో బీరు

ఎనభైల నడుమ మా నరసరావుపేటలో బీరంటే ఒకటే రకం. వైన్ షాపువాడు చేతికిచ్చిందే బీరు. చల్లగా ఉంటే మంచిది, వెచ్చగా ఉంటే చెడ్డది. అంతకు మించి అందులో తెలుసుకోవాల్సింది ఉందని మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పట్లో నేను స్టేషన్ రోడ్డులో ఒక గోలీ సోడా కొట్లో గ్యాసు పట్టే మిషను తిప్పేవాణ్ణి. ఏడో తరగతిలో లెక్కల మాస్టారూ నేనూ ఒకరికొకరం విసుగొచ్చి విడిపోయాం. ఆయన బడిలో ఉండిపోయాడు, నేను బయటికొచ్చాను. ఆ తరవాత నా చదువంతా సోడా తాగడానికి వచ్చినవాళ్ళ కబుర్లలోనే సాగింది.

బడిలో నా పక్కన కూర్చున్నవాడు నాకంటే ముందే చదువు మానేసి హైదరాబాదు వెళ్ళాడు. అక్కడొక బీరు కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాడు. మధ్యలో పెళ్ళి చేసుకున్నాడు. కంపెనీలో మనుషుల్ని తగ్గించినప్పుడు భార్యతో సహా పేటకు తిరిగొచ్చి, ఒక ఎరువుల కొట్లో కుదిరాడు.

"అక్కడేం జేసేవాడివిరా?" అని అడిగితే, "బీరు కాచేవాణ్ణి" అనేవాడు. ఎట్లా కాస్తారని అడిగితే మాత్రం, "అదంతా చానా పెద్ద ప్రాసెస్సులే. నీకు జెప్పినా ఎక్కదు" అనేవాడు. నాకు ఎక్కని సంగతులు అప్పటికే చాలా ఉండటం వల్ల నేను పట్టుబట్టలేదు. కానీ ఆ రోజు నుంచి వాణ్ణి "మాస్టరూ" అని పిలవడం మొదలుపెట్టాను. వాడి కుడి చెవికి అది మర్యాదలా, ఎడమ చెవికి వెక్కిరింపులా వినబడేలా పిలిచేవాణ్ణి.

అట్లా గడిచిపోయేదే, వాడి మామగారి దగ్గర్నుంచి ఉత్తరం రాకపోతే.

మామగారిది మాచవరం. మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరై, మిరప వేసుకుంటున్నాడు. దేశంలో ఉన్న క్యాంటీన్లన్నిట్లోనూ బీరు తాగినవాడు. ఆయనకు ముగ్గురు అల్లుళ్ళు. పెద్దాయన బడిపంతులు, రెండో ఆయన వ్యవసాయశాఖలో గుమాస్తా. మూడోవాడు మావాడు. "చదువు లేకపోయినా చేతిలో పనుంది, బీరు మాస్టరంట" అని ఊరంతా చెప్పుకుని మరీ పిల్లనిచ్చాడాయన. అత్తగారింట్లో మిగతా ఇద్దరి సరసన మావాడికి విస్తరి పడుతోందంటే ఆ మాట మీదే. ఇప్పుడు కార్డు ముక్క మీద ఆయన రాసిందేమిటంటే: "వచ్చే ఆదివారం కాక, ఆ పైది కాక, ఆ పై ఆదివారం వస్తున్నాను. అల్లుడుగారి చేతి బీరు తాగాలని మూడేళ్ళ నుంచి కోరిక. తెల్లది, నల్లది, ఏదైనా సరే. ఒకటికి రెండు రకాలుంటే మరీ సంతోషం."

మావాడు ఆ కార్డు పట్టుకుని సోడా కొట్టుకొచ్చాడు. ముఖం నిమ్మకాయ పిండేసిన తొక్కలా ఉంది.

"ఏంది మాస్టరూ, సోడా కొట్టనా, ఉప్పేయనా?"

"పరాచికాలాపరా. ఆయనొస్తున్నాడు. బీరు కాయాలి."

"కాయి. నీకొచ్చిన పనేగా?"

వాడు గోలీల బుట్ట వంక చూశాడు. "కాచేచోట నిలబడి చూశాన్రా. చూసింది జెయ్యలేనా ఏంది?"

అప్పుడు నాకు సగం అర్థమైంది. మిగతా సగం అడగలేదు. వైన్ షాపులో నాలుగు సీసాలు కొని కుండలో పోసేద్దామని సలహా ఇచ్చాను. "ఆయన నాలిక్కి తెలిసిపోద్ది. ఆ పైన మా ఆవిడ మొహం ఎట్టా జూడాలి? తోడల్లుళ్ళ పక్కన ఎట్టా కూకోవాలి?" అన్నాడు. నవ్వబోయి ఆగాను. ఆగడం నాకు కొత్త.

మర్నాడే వాళ్ళింట్లో చేరాం. మూడో మనిషి మా మెకానిక్ భాయ్. ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తాడు. చుక్క ముట్టడు. కానీ డీజిలు డబ్బా మూత తీస్తే చాలు, కిరసనాయిలు ఎంత కలిసిందో ముక్కుతో చెప్పేస్తాడు. బీరు వాసన చూసి పెట్టమని బతిమాలితే, "వాసన చూడటానికి అభ్యంతరం లేదు. మూతి దగ్గరకి తెస్తే మాత్రం పానాతో కొడతా" అని ఒప్పుకున్నాడు.

మాస్టరు వరండాలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ముందు మాల్టు కావాలి" అన్నాడు.

"అంటే ఏందన్నా?" అన్నాడు భాయ్.

"గింజల్ని మొలకెత్తించి, ఎండబెట్టి..." అని ఆగాడు.

లోపల్నుంచి వాడి భార్య వచ్చింది. నన్ను అన్నయ్యా అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను. "మొలకెత్తిన జొన్నలే గదా? చంటిపిల్లలకి జావ కాచేటప్పుడు మా అమ్మ ఇట్టాగే జేసుద్ది. నేను జూసుకుంటాలెండి" అంది.

ఆ రోజే జొన్నలు, సజ్జలు విడివిడిగా నానేసింది. తడి గోనెసంచిలో కట్టి పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరించింది. మొలకలొచ్చాక చలికాలపు ఎండలో ఆరబెట్టి, తిరగట్లో బరకగా విసిరింది. మాస్టరు మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని సూపర్వైజరులా తిరిగాడు.

మూడు రకాలనుకున్నాం. ఉత్త జొన్నలతో తెల్లది. జొన్నల్ని పెనం మీద మాడ్చి నల్లది. సజ్జలకు తాటిబెల్లం కలిపి మూడోది. దానికి రంగు పేరు కుదరక సజ్జది అనే అన్నాం. చేదు కోసం కంపెనీలో ఏవో పచ్చటి పూలు వేస్తారని మాస్టరు చెప్పాడు. మనకు చేదంటే వేపపువ్వే. ఉగాదికి దాచిన ఎండుపువ్వు డబ్బా చెల్లెమ్మ తెచ్చిచ్చింది. నేనొక గుప్పెడు వేశాను, నేను వేసింది చూడకుండా మాస్టరొక గుప్పెడు వేశాడు. గంగాళంలో అది ఉడుకుతుంటే భాయ్ వంగి ఒక్కసారి పీల్చి, "అరే, ఇది తాగేదా, పశువులకి పట్టేదా?" అన్నాడు.

వడగట్టడానికి బట్ట కావాల్సొచ్చింది. మాస్టరు పెట్టెలోంచి ఒక తెల్లటి పంచె లాగాడు.

"అయ్యో, అది మా నాన్న పెళ్ళికి పెట్టిన పంచండీ!"

"బీరు గూడా మీ నాన్నకేగా?" అన్నాడు మాస్టరు. ఆమె పంచె వదిలేసింది. వాడి జీవితంలో అదొక్కటే గెలుపేమో, రెండు రోజులు చెప్పుకున్నాడు.

చల్లారాక, మూడు కుండల్లో పోసి, కల్లు కుండ అడుగున మిగిలే మడ్డి తెచ్చి తలా ఒక గరిటె కలిపాం. మర్నాటికల్లా నురుగు లేచి కుండలు బుడబుడమన్నాయి. మాస్టరు ఎరువుల కొట్టు నుంచి గంటకోసారి పరిగెత్తుకొచ్చి, కుండకి చెవి ఆనించి విని, మళ్ళీ పరిగెత్తేవాడు.

మామగారు వచ్చే ముందు ఆదివారం మధ్యాహ్నం రుచి చూడటానికి కూర్చున్నాం. ముందు భాయ్ ముక్కు, తరవాత మా నాలికలు. తెల్లదాన్ని వాసన చూసి "పులిసిన అంబలి" అన్నాడు. తాగి చూశాం. నిజమే. నల్లదానికి "మాడిన పళ్ళెం కడిగిన నీళ్ళు" అన్నాడు. తాగి చూశాం. కడిగినట్టు కూడా లేదు, మాడు మాడుగానే తగిలింది. సజ్జదాని మీద మాత్రం ముక్కు రెండోసారి పెట్టాడు. "ఇందులో ఏదో ఉంది. బెల్లం, తాటాకు పొగ... చెడ్డగా లేదు." తాగాం. నిజంగానే చెడ్డగా లేదు. మొదట తీపి, గొంతులోకి దిగాక చేదు, దిగిపోయాక మళ్ళీ కొంచెం తాగాలనిపించడం. కాకపోతే మూడింట్లోనూ గ్యాసు లేదు. నిన్నటి సోడాలా చచ్చిపడి ఉన్నాయి.

"బీరంటే నురుగు గదరా. నురుగు లేకుంటే ఆయన ముందర ఎట్టా పెట్టేది?" అని మాస్టరు తల పట్టుకున్నాడు.

లోకంలో నాకు తెలిసిన పని ఒకటే. అది పనికొచ్చే రోజొచ్చింది. "గ్యాసుదేముంది మాస్టరూ! మన మిషను లేదా?"

"వద్దన్నా," అన్నాడు భాయ్. "అది కుండలో ఇంకా పులుస్తానే ఉంది. దాని గాలి దానికుంది. గాలున్న టైరులో ఇంకా కొడతావా?"

"టైరు గుండ్రంగా ఉంటది, సీసా పొడుగ్గా ఉంటది" అన్నాను. తెలివిగా మాట్లాడాననే అనుకున్నాను.

గురువారం మా ఓనరు గుంటూరు వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం కుండలు రిక్షాలో కొట్టుకు తెచ్చి, గోలీ సీసాల్లో బీరు నింపి, మిషన్లో బిగించి తిప్పాను. సోడాకి తిప్పే దానికంటే నాలుగు చుట్లు ఎక్కువే తిప్పాను, మిలిటరీ ఆయనకి కదా అని. ప్రతి సీసాలోనూ గోలీ టక్కుమని మెడ దగ్గరికెక్కి బిగుసుకుంది. నాకు తెలియనిదేమిటంటే, సీసాలు నా చేతికి ఇచ్చేముందే మాస్టరు ఒక్కోదాంట్లో చెంచాడు బెల్లం పాకం పోశాడు, బలం వస్తుందని. వాడికి తెలియనిదేమిటంటే నా నాలుగు చుట్లు. సీసాలన్నీ తడి గోనెలో చుట్టి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోటని, నులకమంచం కింద పెట్టాం.

ఆదివారం పొద్దున పదింటికి మామగారు దిగాడు. తెల్లపంచె, తెల్లమీసం, నిలువునా కర్ర మింగినట్టు నడక. కాళ్ళు కడుక్కుని నేరుగా వెళ్ళి ఆ మంచం మీదే కూర్చున్నాడు. మిలిటరీ ఆయన్ని లేవమనేదెవరు?

"ఏం అల్లుడుగారూ, సరుకు తయారేనా?"

"తయారే మామయ్యా." మాస్టరు నా వంక చూశాడు.

మొదటి సీసా నేను నొక్కాను. కీచుమని అరిచి, నురుగు దూలం దాకా లేచింది. మామగారి కళ్ళు మెరిశాయి. మిగిలింది గాజుగ్లాసులో పోసి ఇచ్చాను. తెల్లది. ఆయన తాగకుండా గ్లాసును కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు. "నురుగు దిగనియ్యాలి. బీరు తెలిసినవాడు తొందరపడడు" అని భాయ్‌కి పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. తలుపు పక్కన చెల్లెమ్మ కొంగు చివర మెలిపెడుతూ నిలబడి ఉంది.

అప్పుడు మంచం కింద ఢామ్మంది. వెంటనే ఇంకోటి. వెంటనే ఇంకో రెండు.

మంచం మీదున్న మామగారు, మేం కళ్ళు మూసి తెరిచేలోగా గోడవారన నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, రెండు చేతులూ తల మీద. అన్నేళ్ళ సర్వీసు ఊరికే పోతుందా! ఇల్లంతా పులిసిన వాసన. నల్లబీరు గోడ మీద నుంచి ధారగా కారుతోంది. ఆయన మెల్లగా తలెత్తాడు.

"ఎవుడ్రా ఫైరింగు?"

"మన సీసాలే మామయ్యా" అన్నాను.

ఆయన లేచి కూర్చుని, తడిసిన పంచె చూసుకుని, పకపకా నవ్వాడు. చెల్లెమ్మ కూడా నవ్వింది. గండం గడిచిందనుకున్నాం. ఆయన కంటికి నేల మీద చెక్కుచెదరకుండా నిలబడ్డ గ్లాసు కనబడింది. "ఓర్నీ, ఇదొకటి బతికింది" అని తీసి నోటి దాకా తీసుకెళ్ళాడు.

మాస్టరు ఒక్క గెంతులో వెళ్ళి మామగారి మణికట్టు పట్టుకున్నాడు. మామగారి చేతిలోంచి గ్లాసు లాక్కోవడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. ఆయన మీసం నిక్కబొడుచుకుంది. "ఏందయ్యా ఇది?"

మాస్టరు గ్లాసును కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, మెల్లగా తిప్పాడు. ఒకసారి వంచాడు. "ఉంది" అన్నాడు. మేం ముగ్గురం చూశాం. ఏమీ లేదు. డీజిల్లో కిరసనాయిలు పట్టేసే భాయ్ కూడా పెదవి విరిచాడు. మాస్టరు జేబురుమాలు అడ్డం పెట్టి బీరు వంచేసి, గుడ్డ మీద నుంచి చూపుడువేలికి ఏదో అంటించుకుని మామగారి ముందు పెట్టాడు. గోరు కొనలో సగం లేదు. గాజుముక్క.

ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "బీరు కాచేవాడికి ఇంత చూపు ఎట్టా వచ్చింది?"

తప్పించుకోవాలంటే దారి ఉంది. కాచేవాడు అన్నీ చూసుకోవాలి మామయ్యా అంటే సరిపోయేది. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది కూడా. మాస్టరు నా వంక చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

"కాచేవాణ్ణి కాదు మామయ్యా. అబద్ధం జెప్పా. నేను సీసాలు జూసేవాణ్ణి. నింపిన సీసాలు బెల్టు మీద పోతుంటే, వెనకాల పెద్ద బల్బు ఎలుగుద్ది. చీమో, పుల్లో, బీడీముక్కో కనబడితే తీసి పక్కన బెట్టాలి. ఆరేళ్ళు అదే పని. కాచేచోటికి మమ్మల్ని రానిచ్చేవాళ్ళు గూడా గాదు."

"మరి పెళ్ళిచూపుల్లో అట్టా జెప్పావే?"

"పెద్దాయన పంతులు, రెండో ఆయన ఆఫీసు. సీసాలు జూసేవాడికి పిల్లనిస్తారా మామయ్యా?"

నాకు ఇరవై హాస్యాలు తట్టాయి. ఇరవయ్యీ మింగేశాను. మామగారు కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఏమే?"

"జొన్నలు నానేసిన రోజే తెలిసింది నాన్నా. మాల్టంటే ఏందో ఆయనకన్నా నాకే ఎక్కువ తెలుసు," అంది చెల్లెమ్మ. "కానీ ఆ పెంకు నీ కడుపులోకి పోకుండా ఆపింది మాత్రం ఆయనే. పంతులుగారికి కనబడేదా అది?"

ఆయన మీసం కింద పెదవి కొరుక్కున్నాడు. "ఒక్కో సీసా ఎంతసేపు జూసేవాడివి?"

"రెప్ప కొట్టేంతసేపు. రెప్ప గొడితే పోద్ది."

"అదే పనిగానా?"

"అరగంటకోసారి స్టూలు మీంచి దించేవాళ్ళు. కళ్ళు మూసుకుంటే అప్పుడు గూడా సీసాలే నడిచేయి మామయ్యా."

మామగారు మంచం కాళ్ళు పట్టుకుని జరిపి, కింద గోనె విప్పాడు. "బతికినయ్యి బయటికి తియ్యండి. ఒక్కోటి ఈయన జూసి ఇస్తేనే నేను తాగుతా."

భాయ్ వెల్డింగు కళ్ళజోడు పెట్టుకుని, సీసాకి తువ్వాలు చుట్టి, ఒక్కొక్కటీ నొక్కాడు. మాస్టరు గుమ్మంలో ఎండకెదురుగా నిలబడి ప్రతి గ్లాసూ ఎత్తి, తిప్పి, అందించాడు. రెండు గ్లాసులు పక్కన పెట్టేశాడు, ఎందుకని ఎవరూ అడగలేదు. తెల్లది తాగి మామగారు, "అంబలికి జలుబు చేసినట్టుంది" అన్నాడు. నల్లది తాగి, "రైలింజను కడిగారా ఏంది?" అన్నాడు. సజ్జది తాగి ఏమీ అనలేదు. మీసం తుడుచుకుని, ఖాళీ గ్లాసు అల్లుడి వైపు చాపాడు. అది నిండాక మళ్ళీ చాపాడు. చెల్లెమ్మ ఊపిరి వదలడం నాకు వినబడింది.

సాయంత్రం బస్సుకి వెళుతూ, సజ్జది రెండు సీసాలు కట్టివ్వమన్నాడు.

"దారిలో పేల్తాయి మామయ్యా" అన్నాను.

"పేలితే పేల్తాయిలే. నువ్వు మిషను దిప్పింది నన్నడిగా?"

బస్టాండులో మాస్టరు ఆ రెండు సీసాల్నీ సూర్యుడి వైపు ఎత్తి మూడుసార్లు తిప్పి చూసి, తడి గోనెలో చుట్టి ఇచ్చాడు. జనం ఇదేదో మొక్కుబడి అనుకుని దారిచ్చారు. మామగారు అల్లుడి భుజం మీద ఒకసారి చెయ్యేసి బస్సెక్కాడు. ఆ చెయ్యికి అర్థమేమిటో తేలక మాస్టరుకి ఆ పూట అన్నం సహించలేదు. "ఊళ్ళో ఏం జెప్తాడ్రా? తోడల్లుళ్ళకి జెప్తాడా?" అని నా బుర్ర తిన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆ బస్సు కండక్టరు మా కొట్టుకు సోడా తాగడానికొచ్చాడు. మాస్టరు అప్పటికే అక్కడ నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నిన్న ఒక పెద్దాయనతో నవ్వలేక చచ్చాం," అన్నాడు కండక్టరు. "పిడుగురాళ్ళ సున్నం బట్టీల దగ్గర గుంటలో బండి ఎగిరిందా, సీటు కింద ఢామ్మంది. టైరనుకుని డ్రైవరు బండాపాడు. జనమంతా దిగి టైర్లన్నీ కాలితో తన్ని చూశాం. అన్నీ బానే ఉన్నాయి. పెద్దాయన సీట్లోంచి లేచి, 'టైరు గాదయ్యా, మా అల్లుడిచ్చిన బీరు. కంపెనీలో సీసాలు జూసే పని మా అల్లుడిది. ఆయన చూసిన సీసాలో చీమ గూడా ఉండదు. గ్యాసొకటే కాస్త ఎక్కువైంది' అన్నాడు. రెండోది పేలకముందే తాగేద్దామని నాక్కూడా ఇంత పోశాడు. బానే ఉందయ్యా!"

మాస్టరు నోట్లోంచి గోరు తీశాడు. "ఏమన్నాడు? ఏం పని అన్నాడు?"

"సీసాలు జూసే పనంట."

"అంతమందిలోనా?"

"బస్సు బస్సంతా విన్నదిలే."

"మొదట్నించీ జెప్పు," అన్నాడు మాస్టరు. నా వైపు తిరిగి, "ఒరేయ్, ఆయనకింకో సోడా గొట్టు" అన్నాడు. నేను కొట్టాను. కండక్టరు రెండోసారి చెప్పాడు. మూడోసారి చెప్పే సమయానికి స్టేషన్ రోడ్డు మీద డ్రైవరు ఆపకుండా హారన్ మోగిస్తున్నాడు. మాస్టరు మాత్రం కండక్టరు సంచి పట్టుకుని వదల్లేదు.